గడప దాటితే గారెలు

(ఖరగ్‌పూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



 ఉగాది పచ్చడి రుచి నాలుకపై ఇంకను ఆరలేదు. భోజనములకు పిలుపు ఇంకను రాలేదు. ఈ రెంటి నడుమ దొరికిన సమయములో నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము ఆజ్ఞాపించినారు. మేము పండితులము కాము. మెట్రిక్ ప్యాసై, రైల్వే కచేరీలో పాసుల బల్ల ముందు కూర్చుండు గుమాస్తాలము. అయినను పెద్దల మాట తీసివేయజాలక లేచి నిలుచున్నాము.

విషయము మేము ఎన్నుకొన్నది కాదు. మన సంఘములోని స్త్రీలు ఎన్నుకొన్నది. “పిల్లలు పెద్దవారగుచున్నారు. మా మాట వినుట తగ్గినది, మాతో అవసరమును తగ్గినది. ఇక తల్లికి మిగులునది ఏమి? దీనిని గూర్చి ఎవరైనను చెప్పవలెను” అని వారు కోరినారట. ఈ సంగతి ఇంటిలో చెప్పగా, “తల్లిని గూర్చి చెప్పుటకు మగవారే దొరికినారా?” అని మా ఇంటివారు నవ్వినారు. నవ్వదగిన మాటయే. తల్లిగా ఉండిన అనుభవము మాకు లేదు. బిడ్డగా ఉండిన అనుభవము మాత్రము ముప్పది ఏండ్లకు పైగా ఉన్నది. ఆ అధికారముతోనే మాట్లాడుచున్నాము.

మన ఇండ్లలో బిడ్డ పుట్టినది మొదలు జరుగు ముచ్చటలను ఒకమారు జ్ఞాపకము చేసికొందము. నవ్వితే నువ్వుండలు. బోర్లపడితే బొబ్బట్లు. పాకితే పాయసము. గడప దాటితే గారెలు. అడుగులు వేస్తే అరిసెలు. పలుకులు వస్తే పంచదార చిలుకలు. ఊరికొక తీరుగా, ఇంటికొక తీరుగా వంటలు మారవచ్చును గాని ముచ్చట మాత్రము ఇదే. ఇరుగుపొరుగు పేరంటాండ్రను పిలిచి, బొట్టు పెట్టి, పంచిపెట్టుదురు.

ఇందులో ఒక విశేషమున్నది. బోర్లపడుట యనగా ఏమి? పరుండబెట్టిన తీరున పరుండకుండుట. పాకుట యనగా కూర్చుండబెట్టిన చోట ఉండకుండుట. గడప దాటుట యనగా తల్లి కంటిచూపును దాటుట. అడుగు వేయుట యనగా చంక దిగుట. మాటలు వచ్చుట యనగా “వద్దు” అను మాట కూడ నేర్చుట. ఒక్కొక్క ముచ్చటయు బిడ్డ తల్లి నుండి ఒక జానెడు దూరమగుటయే. ఆ జానెడు దూరమునకు మన తల్లులు కంట తడి పెట్టలేదు. పొయ్యి వెలిగించి పిండివంట చేసినారు. అరిసెల మీద బిడ్డను నడిపించు తల్లికి, ఈ పాదములే రేపు ఊరు దాటునని తెలియదా? తెలియును. తెలిసియే పాకము పట్టినది.

బిడ్డను పంపుటకు మన పెద్దలు ఒక పద్ధతి ఏర్పరచినారు. ఉపనయనము జరుగు ఇండ్లలో మాతృభోజనమని ఒక ఆచారము కలదు. వటువు తల్లితో కలిసి భోజనము చేసిన పిమ్మటనే గాయత్రీ ఉపదేశము. పెండ్లియందు అప్పగింతల వేళ ఆడపిల్ల చేతులను పాలలో ముంచి అత్తవారికి అప్పగింతురు. ఒడిలో చలిమిడి పెట్టి పంపుదురు. తల్లి అప్పుడు ఏడ్చును. ఏడ్చుటకు కూడ ఒక వేళ, ఒక పాట, చుట్టును పదిమంది మనుష్యులు ఉందురు.

అయితే సోదరీమణులారా, పదునేనవ ఏట గది తలుపు మూసికొన్న బిడ్డకు ఏ పిండివంట చేయవలెనో ఏ పెద్దలును చెప్పలేదు. “నాకు ఆ చదువు వద్దు, ఈ చదువు కావలెను” అన్న బిడ్డకు ఏ అక్షింతలు వేయవలెనో ఏ పుస్తకములోను లేదు. సెల్‌ఫోను చూచుకొనుచు పలుకక కూర్చున్న బిడ్డ ముందు ఏ పంచదార చిలుక పెట్టవలెను? అడుగులు వేయుటకును అప్పగింతలకును నడుమ నున్న ఈ పదునైదు ఇరువది ఏండ్ల కాలమునకు మనకు ముచ్చట లేదు. మీరు పడుచున్న బాధ ఇక్కడనే ఉన్నదని మా అభిప్రాయము.

పెద్దలు ఎందువలన చెప్పలేదు? వారి కాలమున ఈ నడిమి కాలము లేదు గనుక. దీనికి మా ఊరి ప్రక్కనే ఒక సాక్ష్యమున్నది.

మాది అడవిపొలము. యానాములోనిది. చుట్టును ఆంధ్రదేశము, పాలన మాత్రము 800 కిలోమీటర్లకు పైగా దూరముననున్న పుదుచ్చేరిది. కన్నతల్లి ఇరుగున, పెంపుడు తల్లి పొరుగూరున ఉన్న బిడ్డ వంటిది మా యానాము. 1954 నవంబరు 1వ తేదీన భారతదేశపు పాలనలోనికి వచ్చువరకు అది ఫ్రెంచివారిది. ఆ ఫ్రెంచి కాలమున యానామునకు కల్యాణపురమని పేరు వచ్చినది. పేరు వినసొంపుగా ఉన్నది గాని కారణము వినుడు. 1929లో శారదా చట్టము వచ్చినది. 1930 ఏప్రిలు 1వ తేదీ నుండి అమలైనది. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏండ్లు నిండనిదే పెండ్లి చేయరాదని నిర్ణయించినది. బ్రిటిషు ప్రాంతములో చెల్లు ఆ చట్టము ఫ్రెంచి యానాములో చెల్లదు. కావున చుట్టుప్రక్కల గోదావరి జిల్లాల వారు పసిబిడ్డలను చంకనెత్తుకొని యానాము వచ్చి, ఇక్కడ మూడు ముళ్ళు వేయించి తిరిగిపోవువారు.

ఆ పెండ్లికూతుండ్రలో ఎనిమిదేండ్ల వారు, ఆరేండ్ల వారు కూడ ఉండిరి. వారి తల్లులు క్రూరులని మేము అనము. అదే ధర్మమని వారు నమ్మినారు. కాని ఆ బిడ్డ తల్లి ఒడి నుండి అత్త చేతికి పోయినదే గాని, నడుమ తన కాళ్ళపై తాను నిలిచినది ఎప్పుడు? “నాకిది కావలెను” అని అనినది ఎప్పుడు? నేడు చట్టము ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21 ఏండ్లు పెట్టినది. ఈ పెరిగిన ఏండ్లే మనము ఇప్పుడు మాట్లాడుకొనుచున్న కాలము. మీ అమ్మాయి ఎదురు చెప్పుచున్నదని మీరు నొచ్చుకొన్నప్పుడు ఒక మాట తలచుకొనుడు. ఎదురు చెప్పుటకు కావలసిన వయస్సు పుట్టింట గడుపు భాగ్యము ఆమెకు దొరకినది. మీ ముత్తవ్వలకు అది దొరకలేదు. ఈనాటి తల్లి దుఃఖము బిడ్డకు స్వాతంత్ర్యము వచ్చుటవలన కలిగిన దుఃఖము. ఆనాటి తల్లి దుఃఖము బిడ్డకు అది లేకుండుటవలన కలిగినది. రెండును కన్నీరే యైనను రెండును ఒకటి కావు.

ఎడబాటు మన ప్రాంతపు తల్లులకు క్రొత్త గాదు. యానాము నుండి కాకినాడ పోవు దారిలో కోరంగి కలదు. ఒకప్పుడు గొప్ప రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపానుతో దెబ్బతిన్నది. కాని ఆ పేరు సముద్రము దాటినది. మన తీరము నుండి ఓడలెక్కి రంగూనునకు కూలికి పోయిన తెలుగువారిని బర్మాలో కొరంగీలనువారు. ఆ ఓడలెక్కిన కుర్రవారి తల్లులు రేవులో నిలువబడి చూచిన తల్లులే. జాబు వచ్చుటకు నెలలు పట్టును. వచ్చిన జాబు చదువుటకు మరియొకరి గుమ్మము త్రొక్కవలెను. 1942లో జపానువారు బర్మాపై పడినప్పుడు వేలకొలది జనులు కొండలు, అడవులు దాటి నడచి వచ్చినారు. కొందరు రాలేదు. ఇంటి వద్ద తల్లికి ఏది నిజమో తెలియదు. నేడు మన బిడ్డ రెండు గంటలు ఫోను ఎత్తకున్న మనకు కాళ్ళు చేతులు ఆడవు. ఆ తల్లుల గుండె ఎట్టిదో ఆలోచింపుడు.

మరియొక తల్లిని గూర్చి చెప్పెదము. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు. ప్రకాశముగారికి పదునొకండేండ్లప్పుడు తండ్రి పోయినారు. సుబ్బమ్మగారు ఒంగోలు చేరి, పూటకూళ్ళ ఇల్లు నడపి, బిడ్డలను చదివించినారు. ఆ కాలమున కరణపు ఇంటి ఆడుది పదిమందికి వండి వడ్డించి డబ్బు తీసికొనుట లోకము మెచ్చు పని గాదు. ఆమె లోకమును చూడలేదు, కొడుకు చదువును చూచినది. చేతికి అందివచ్చు వయస్సున ఆ కొడుకు తన గురువుగారైన ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారి వెంట రాజమహేంద్రవరము పోవలసివచ్చినది. పంపినది. ఆ కొడుకు 1904లో సీమకు పోయి బారిస్టరై వచ్చినాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి యైనాడు. పూటకూళ్ళ పొయ్యి వద్ద కట్టివేసియుంచిన, పొయ్యి ఊదుటకు మంచి సహాయకుడు దొరికియుండెడివాడు. దేశమునకు ప్రకాశము పంతులు దొరకెడివాడు కాడు.

కథ ఇప్పుడు తిరుగబడినది కూడ. మా గోదావరి జిల్లాల నుండి వేలకొలది స్త్రీలు కువైటుకు, మస్కటుకు ఇంటిపనికి పోయినారు, పోవుచున్నారు. బిడ్డను అమ్మమ్మ వద్దనో మామ్మ వద్దనో విడిచి, ఎవరి బిడ్డకో అన్నము తినిపించి, ఆ జీతముతో తన బిడ్డకు ఫీజు కట్టుచున్నారు. ఆ తల్లి ఇంటికి వచ్చునప్పటికి బిడ్డ తనంతటాను జడ వేసికొనుట నేర్చియుండును. అది చూచి సంతోషించవలెనో ఏడ్వవలెనో ఆమెకు తెలియదు. దూరమున్న మాత్రమున తల్లి తల్లి కాకపోదు. దగ్గర ఉన్నంత మాత్రమున అంతయు సరిపోదు.

ఇక మన ఊరి సంగతికి వత్తము. మనకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కున్నది. స్వదేశమున నున్న తల్లికి అది లేదు.

మన ఆడవారిలో చాలమంది పెండ్లియై నేరుగా ఇక్కడకు రైలు దిగినవారు. బెంగాలీ రాదు, హిందీ అంతంతమాత్రము. మగవాడు డ్యూటీకి పోవును. బిడ్డ బడికి పోయి ఆరు నెలలలో రెండు భాషలు పట్టివేయును. నాటి నుండి ఆ బిడ్డయే తల్లికి నోరు. గోల్‌బజారులో బేరము బిడ్డ, బ్యాంకులో సంతకము చూపునది బిడ్డ, డాక్టరుకు తల్లి ఒంటి నొప్పి చెప్పునది బిడ్డ. ఏడేండ్ల వానికి తల్లి కష్టమంతయు తెలిసిపోవును. ఇతర తల్లులకు బిడ్డ దూరమైన ఒడి ఖాళీ యగును. మన తల్లులకు ఒడితోపాటు నోరును పోవును. అందుచేతనే మన పట్టు ఎక్కువ, మన భయము ఎక్కువ.

ఒక ఇంటి సంగతి చెప్పెదము. పేరు చెప్పము. ఇట్టి ఇండ్లు పది యున్నవి గనుక ఎవరిదో మీరు పోల్చుకొనలేరు. ఆ ఇంటి అమ్మాయి తొమ్మిదేండ్ల నాటి నుండి తల్లికి తోడుగా బజారునకు పోవునది. ఆమెకు దూరపు ఊరిలో నర్సింగు చదువునకు సీటు వచ్చినది. ఆనాడే తల్లి మంచమెక్కినది. జ్వరము లేదు, నొప్పి లేదు, అన్నము సయించదు. “నువ్వెళ్ళిపోతే నాకు నోరు పోతుందే అమ్మా” అని ఒకటే మాట. అమ్మాయి సీటు వదలుకొనుటకు సిద్ధపడినది. అప్పుడు ప్రక్క క్వార్టరులోని పెద్దమ్మగారు కలుగజేసికొన్నారు. “పిల్లను ఆపద్దు. నోరే కావాలంటే నేర్చుకుందువు గాని, రా” అని చేయి పట్టుకొని లేవదీసినారు. రెండు నెలలు నేర్పినారు. మొదట అంకెలు, పిదప కూరల పేర్లు, పిదప “కొతో?” అని ధర అడుగుట. బజారులో అమ్మాయి పది అడుగుల వెనుక నిలువబడును, నోరు మెదపరాదు. అది నియమము. మొదటి వారము ఆ తల్లి బీరకాయలకు ఎక్కువ ఇచ్చి వచ్చినది. రెండవ వారము బేరమాడినది. మూడవ వారము బేరము కుదరక దుకాణము వదలి వచ్చినది! ఆనాడు ఇంటిలో పండుగ. అమ్మాయి చదువునకు పోయినది. తల్లి రైలు స్టేషనులో ఏడ్చినది. తిరిగి వచ్చునప్పుడు రిక్షావానితో తానే మాట్లాడుకొని ఇంటికి వచ్చినది.

దీనివలన మాకు తెలిసినదేమనగా, బిడ్డ తన కాళ్ళపై నిలువవలెనన్న తల్లియు తన కాళ్ళపై నిలువవలెను. తల్లి కుంటుచున్నంత కాలము బిడ్డ ఊతకర్రయై యుండవలసినదే. ఊతకర్రకు సొంత దారి ఉండదు.

విడిచిపెట్టుట యన్న వదలివేయుట కాదు. ఇది మాకు రైలు పద్ధతియందు బాగుగ తోచినది. పాత పద్ధతి సెక్షనులలో స్టేషను మాస్టరు ముందరి స్టేషనును అడిగి, లైన్ క్లియర్ తీసికొని, అప్పుడు బండిని పంపును. పంపిన పిమ్మట బండిని నడుపునది డ్రైవరు. స్టేషను మాస్టరు ఇంజను వెంట పరుగెత్తడు, ఇంజను ఎక్కి పిడి పట్టుకొనడు. కాని అతని పని అయిపోయినదా? లేదు. బండి క్షేమముగా చేరినది, సెక్షను ఖాళీ యైనదని ముందరి స్టేషను నుండి కబురు వచ్చువరకు ఆ లైనుపై మరియొక బండిని పంపడు. అతని యంత్రములో ఆ లైను నిండియున్నట్లే చూపును. తల్లియు అంతే. పంపకుండ ఆపరాదు, పంపి వెంట పరుగెత్తరాదు, చేరినట్లు కబురు వచ్చువరకు ఆమె మనస్సులో లైను ఖాళీ కాదు. బిడ్డలారా, ఆ కబురు ఇచ్చుట మాత్రము మీ విధి. “చేరినాను” అను ఒక్క మాట. దానిని నిఘా యనుకొనకుడు.

మా అడవిపొలము పేరులో అడవి ఉన్నది. మా దగ్గరలోని అడవి యన్న మడ అడవి. కోరంగి మడ అడవిని 1978లో అభయారణ్యముగా ప్రకటించినారు. 235 చదరపు కిలోమీటర్ల అడవి. అందులో ఉప్పుపొన్న జాతి చెట్లు కలవు. మామూలు చెట్టు విత్తనమును రాల్చును, విత్తనము నేలలో మొలచును. ఈ చెట్టు అట్లు కాదు. విత్తనము తల్లి కొమ్మకు వ్రేలాడుచుండగనే మొలకెత్తును. నెలల తరబడి తల్లి రసము త్రాగి, జానెడు పొడవున బల్లెము వలె పెరుగును. ఏలననగా క్రింద నున్నది ఉప్పు బురద, పోటు నీరు. లేత విత్తనము అక్కడ నిలువలేదు. తగినంత పెరిగిన నాడు తల్లి విడిచిపెట్టును. ఆటు వేళ యైన బురదలో గ్రుచ్చుకొని అక్కడనే నాటుకొనును. పోటు వేళ యైన నీటిపై తేలి, దూరముగా పోయి, నేల తగిలినచోట వేరూనును. తల్లి నీడలోనే పడినదియు ఆమె బిడ్డయే, పది మైళ్ళ దూరమున నాటుకొన్నదియు ఆమె బిడ్డయే. మనమందరము పోటు వేళ రాలిన మొలకలము. కొట్టుకొని వచ్చి ఈ ఖరగ్‌పూరు నేలలో వేరూనినాము. మన బిడ్డలు ఇంకొక పోటు వేళ ఇంకొక తీరమునకు పోవుదురు. తల్లి చేయవలసిన పని వారిని కొమ్మకు కట్టియుంచుట కాదు. వ్రేలాడుచున్న కాలమున ఉప్పును తట్టుకొను శక్తిని ఇచ్చుట.

శాస్త్రజ్ఞులును ఇదే చెప్పినారు. ఇంగ్లండులో జాన్ బౌల్బీ అను వైద్యుడు తల్లిబిడ్డల అనుబంధమును గూర్చి 1969లో పెద్ద గ్రంథమును వెలువరించినారు. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ అను విదుషీమణి 1950ల నడుమ ఆఫ్రికాలోని ఉగాండా పల్లెలకు పోయి, తల్లులను, పసిబిడ్డలను వారి ఇండ్లలోనే గమనించినారు. బిడ్డ తల్లిని విడిచి కొంత దూరము పోవును, ఏదో వస్తువును చూచును, తిరిగి తల్లి వద్దకు వచ్చును, మరల పోవును. అమ్మ అక్కడనే ఉన్నదను ధైర్యము గల బిడ్డయే లోకమును చూచుటకు ముందుకు పోవును. ధైర్యము లేని బిడ్డ కొంగు వదలదు. కాబట్టి బిడ్డ దూరము పోవుట ప్రేమ తగ్గినదనుటకు గుర్తు కాదు. చాలచోట్ల ప్రేమ చాలినంత దొరకినదనుటకు గుర్తు.

మన భాగవతములో యశోదమ్మ కథ అందరకు తెలిసినదే. వెన్న దొంగను రోటికి కట్టబోయినది. ఎన్ని త్రాళ్ళు ముడివేసినను రెండంగుళములు తక్కువ. ఆమెకు చెమట పట్టినది, కొప్పు వీడినది. అమ్మ అలసట చూచి బాలుడు తానే కట్టుబడినాడు. త్రాటికి కట్టుబడలేదు, చెమటకు కట్టుబడినాడు. ఏ తల్లి త్రాడైనను రెండంగుళములు తక్కువే. ఆ రెండంగుళములు బిడ్డ తనంతట తాను ఇచ్చుకొనవలసినవి. కట్టుబడిన పిమ్మట కూడ ఆ బాలుడు ఊరకుండినాడా? రోటిని ఈడ్చుకొనిపోయి రెండు మద్దిచెట్లను కూల్చినాడు! కట్టివేసి సాధించినది ఏమియు లేదు.

మా బల్ల మీదికి ప్రతి దినము పాసుల దరఖాస్తులు వచ్చెడివి. నేడు పాసులు కంప్యూటరులోనే వచ్చుచున్నవి గాని నిబంధనలు అవే. అందు ‘ఆధారపడినవారు’ అని ఒక భాగము కలదు. కుమారునకు 21 ఏండ్లు నిండిన పిదప, చదువుకొనుచున్నట్లు ధ్రువపత్రము వంటిది లేనిదే సాధారణముగా పేరు తీసివేయుదుము. భర్తను కోల్పోయి కొడుకుపై ఆధారపడియున్న తల్లి పేరును చేర్చుదుము. ఒకే కాగితముపై ఒక చేత్తో కొడుకు పేరు కొట్టివేయుట, ఒక చేత్తో తల్లి పేరు వ్రాయుట తటస్థించును. అప్పుడు మాకొక ఆలోచన కలుగును. నిన్నటివరకు ఎవరు ఎవరిపై ఆధారపడినారు? రేపు ఎవరు ఎవరిపై ఆధారపడుదురు? కాగితముపై గడి ఒక్కటే. అందులోని పేర్లు మాత్రము మారుచుండును.

మా అమ్మగారు అడవిపొలములో ఒంటరిగా ఉన్నారు. ఇక్కడకు రమ్మని మేము పలుమార్లు పిలిచినాము. సామర్లకోట వరకు 900 కిలోమీటర్లు, పాసు ఉన్నది, పైసా ఖర్చు లేదు. ఆమె అన్నమాట ఇది: “నీ దగ్గరికి చుట్టంగా వత్తానురా అబ్బాయ్, కాపురానికి రాను. నా గేదెని, నా పాదుల్ని ఎవరు చూత్తారు? అక్కడ నేను గోడ చూసుకుంటూ కూకోవాలి.” ఇది మొండితనము కాదు. బిడ్డకు స్వతంత్రము ఎట్లు కావలెనో తల్లికిని అట్లే కావలెను. ఆమె ఊరు, ఆమె ఇరుగుపొరుగు, ఆమె మాట చెల్లు గుమ్మము, ఇవి ఆమె ఆస్తి. రాత్రి ఎనిమిది గంటలకు మేము ఫోను చేయుదుము. “తిన్నారా?” అని ఒక ప్రశ్న. “తిన్నామమ్మా, నువ్వు?” అని ఒక జవాబు. అంతే. ఆ రెండు మాటలలో సెక్షను ఖాళీ యగును, ఇరువురును నిద్రింతుము.

ముసలితల్లి పోషణకు 2007లో చట్టము కూడ వచ్చినది. తల్లిదండ్రులను చూడని బిడ్డలపై మనోవర్తికి దరఖాస్తు చేసికొనవచ్చును. మంచిదే. దిక్కులేని తల్లికి అది దిక్కు. కాని చట్టము బియ్యము ఇప్పించగలదు, “తిన్నావా?” అని అడిగింపలేదు.

ఇక ముగించుచు కొన్ని మనవులు.

తల్లులకు మొదటి మనవి. వారమునకు ఒక పనిని బిడ్డ చేతికి విడువుడు. తన బట్టలు, తన అన్నము, తన టిక్కెట్టు. తప్పు చేసిన దిద్దుడు, చేతిలో నుండి లాగికొనకుడు. బిడ్డ జాబులు, ఫోను దొంగచాటుగా చూడకుడు. చూడవలసిన భయమున్న ఎదుటనే అడుగుడు. బిడ్డలు కాక మీకు ఇంకొక పని, ఇంకొక స్నేహము ఉండనిండు.

బిడ్డలకు మనవి. స్వాతంత్ర్యమన్న చెప్పకపోవుట కాదు, చెప్పి చేయుట. మీరు నేర్చిన భాషను అమ్మకు నేర్పుడు. ఆమె మీకు మాట నేర్పినప్పుడు విసుగుకొనలేదు. తెలుగు చదువుట, వ్రాయుట మీరును నేర్చుకొనుడు. ఊరిలో మామ్మ పలుకరించినప్పుడు మీరు తెల్లమొగము వేసిన, ఆ తీగ అక్కడనే తెగిపోవును.

తండ్రులకు మనవి. పంపునప్పుడు ధైర్యముగా పంపి, ఏడ్చునప్పుడు మాత్రము ఆడదానిని ఒంటరిగా వదలకుడు. బిడ్డ పోయిన నాటి సాయంకాలము ఇంటికి త్వరగా రండు.

సంఘమునకు రెండు మనవులు. ఆదివారములందు పిల్లలకు తెలుగు అక్షరములు, తల్లులకు బెంగాలీ మాటలు ఒకే గదిలో నేర్పించు ఏర్పాటు చేయవలెను. ఒక బల్ల మీద బిడ్డ విద్యార్థి, ప్రక్క బల్ల మీద తల్లి విద్యార్థిని. ఒకరినొకరు చూచి నవ్వుకొందురు, నేర్చుకొందురు.

రెండవది. మన పెద్దలు పెట్టని ముచ్చట నొకదానిని మనము పెట్టుకొందము. ఈ సంవత్సరము మొదలుకొని, చదువునకో ఉద్యోగమునకో ఊరు దాటు ప్రతి బిడ్డకు, ఆడపిల్ల యైనను మగపిల్లవాడైనను, పోవుటకు ముందు రోజున ఆ ఇంట గారెలు వండవలెను. ఆ తల్లి ఒక్కతెయే వండరాదు, మన స్త్రీలందరును పోయి వండవలెను. పప్పు రుబ్బువారు రుబ్బుదురు, వేయువారు వేయుదురు. పొయ్యి పొగ వలన కన్నీరు వచ్చినదని చెప్పుకొనుటకు ఆమెకును వీలుండును. బిడ్డ నాడు మొదటి గడప దాటినప్పుడు తిన్న గారెయే, నేడు ఈ గడప దాటునప్పుడును తినిపోవును.

మా మాటలలో తప్పులున్న మన్నింపుడు.  వంటశాల నుండి పిలుపు వచ్చుచున్నట్లున్నది. సెలవు.